లోపలి కుట్టు చూసి కొనండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి అడిగాయి. చేతిలో డబ్బు తక్కువ, కానీ ఏళ్లు గడిచినా పాతబడినట్టు కనిపించని బట్టలు కావాలి, ఎలా అని. నేను డిజైనర్‌ని కాను. ఎవరో కుట్టినవి విప్పి, మనిషికి సరిపడేలా మళ్లీ కుట్టిపెట్టడం నా వృత్తి. కాబట్టి నా జవాబులన్నీ బట్ట లోపలివైపు నుంచే వస్తాయి. ఈ ఏడాది ఏ రంగు నడుస్తోందని అడిగినవాళ్లు ఏమీ అనుకోకండి, ఆ ఉత్తరాలు పక్కన పెట్టాను.

అక్కా, ఈమధ్యే ఉద్యోగంలో చేరాను. ఎక్కడ చూసినా ‘ప్రతి బీరువాలో ఉండి తీరాల్సిన పది’ అంటూ తెల్ల చొక్కా, నల్ల డ్రెస్సు, ట్రెంచ్ కోటు, బ్లేజరు అని రాస్తున్నారు. మొదటి జీతాలు వాటికే పెట్టి అన్నీ ఒకేసారి కొనేస్తే ఇక టెన్షన్ ఉండదు కదా? — కొత్త ఉద్యోగి

ఒకేసారి కొంటేనే టెన్షన్ తల్లీ. పది కొన్నాక అందులో నాలుగు నీకు నప్పలేదని తెలుస్తుంది, అప్పటికి డబ్బు అయిపోతుంది.

ఆ జాబితాల వెనక ఉన్న ఆలోచన చెడ్డదేమీ కాదు. ఒకదానితో ఒకటి కలిసే కొద్దిపాటి దుస్తులతోనే సరిపెట్టుకోవడాన్ని క్యాప్సూల్ వార్డ్‌రోబ్ అంటారు. ఆ మాట 1970లలో లండన్‌లో ప్రచారంలోకి వచ్చింది. 1985లో న్యూయార్క్ డిజైనర్ డోనా కరన్ తన సొంత సంస్థ తొలి దుస్తుల్ని ఒకదానితో ఒకటి కలిసే ఏడు రకాలుగా తెచ్చింది. పొద్దున ఆఫీసుకి వేసుకున్నదాన్నే కాస్త అటూ ఇటూ మార్చి రాత్రి విందుకి వేసుకోవచ్చన్నది అందులో కిటుకు. తక్కువ దుస్తులు, ఎక్కువ జతలు. అంతవరకు బాగుంది. అయితే అది పెద్ద నగరంలో ఆఫీసుకి వెళ్లే ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు. నీ రోజు వేరే రకంగా గడుస్తుంటే ఆ ఏడూ నీకెందుకు? ట్రెంచ్ కోటు సంగతే తీసుకో. మొదటి ప్రపంచయుద్ధంలో చలిలో, వానలో, కందకాల్లో నిలబడాల్సిన సైనికాధికారుల కోసం వచ్చిన కోటు అది. చలీ వానా కలిసి కొట్టే చోట ఉంటే కొనుక్కో. లేకపోతే హ్యాంగర్‌కి తొడగడానికి తప్ప పనికిరాదు.

నీ జాబితా నీ బీరువాలోనే ఉంది. కాలర్ అరిగిపోయిన చొక్కాలు, మోకాళ్ల దగ్గర పలచబడ్డ ప్యాంటు, మడమ ఒకవైపు అరిగిన చెప్పులు బయటికి తీయి. అవి పారేయాల్సినవే కావచ్చు, కానీ నువ్వు నిజంగా వేసుకునేవి ఏవో చెప్పేవి అవే. కొత్తగా మెరుస్తున్నవి చెప్పలేవు. నువ్వు కొనాల్సింది ఆ అరిగిపోయినవాటినే, అదే రకంలో ఇంకాస్త గట్టి కుట్టుతో. గోధుమరంగు ప్యాంటు చిరిగేదాకా వేసుకున్న మనిషికి ఎవరో చెప్పారని నల్లది కొనిపెడితే అది మూలపడుతుంది.

ఎక్కడ ఎక్కువ పెట్టాలి? నడుము కింద. ప్యాంటు, స్కర్టు, బూట్లు. నిన్నటి ప్యాంటే ఇవాళా వేసుకున్నావా అని ఎవరూ పట్టించుకోరు, చొక్కా మారితే చాలు. అందుకని మంచి ప్యాంట్లు రెండుంటే వారం గడిచిపోతుంది. రాపిడి ఎక్కువ పడేది కూడా అక్కడే. టీషర్టులకి మాత్రం ఎక్కువ పెట్టకు. ఎంత పోసి కొన్నా మెడ దగ్గర సాగేది సాగుతుంది.

కొత్తది చేతిలోకి తీసుకున్నప్పుడు ఇంట్లో ఉన్న ఏ మూడింటితో కలుస్తుందో అక్కడికక్కడే చెప్పగలగాలి. చెప్పలేకపోతే తిరిగి పెట్టేయి. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరూ చెప్పనిది ఇంకోటి ఉంది. బట్టలకని తీసిపెట్టుకున్న డబ్బులో పదో వంతు టైలరుకి ఉంచు. సామాన్యమైన చొక్కా అయినా భుజం సరిగ్గా ఉండి, చేతులు మణికట్టు దగ్గర ఆగి, నడుము దగ్గర అనవసరమైన లూజు తీసేస్తే ఖరీదైనదానిలా కనిపిస్తుంది. ఖరీదైనదే అయినా సంచిలా వేలాడుతుంటే ఆ డబ్బు ఎవరికీ కనబడదు.

మేడమ్, ఎక్కువ ధర పెడితే ఎక్కువ కాలం వస్తుందంటారు. ఒక్కసారి వేసుకోవడానికి ఎంత పడిందో లెక్కేసి కొనమని మా స్నేహితురాలు చెబుతుంది. దుకాణంలో నిలబడి నాణ్యత ఎలా కనిపెట్టాలి? — ఒక గృహిణి

మీ స్నేహితురాలి లెక్క తప్పు కాదు. ధరని ఎన్నిసార్లు వేసుకుంటామో దానితో భాగించడం. చిక్కల్లా ఆ రెండో అంకె మనం ఊహించుకునేది కావడమే. దుకాణంలో అద్దం ముందు నిలబడ్డప్పుడు ఎవరికైనా ‘దీన్ని రెండొందల సార్లు వేసుకుంటాను’ అనిపిస్తుంది. కొనాలని మనసు పడ్డాక లెక్క దానికి తగ్గట్టే తిరుగుతుంది. అందుకే లెక్క పక్కన పెట్టి బట్టని తిరగేయమంటాను.

తిరగేశారా? ముందు రెండు ముక్కలు కలిసిన చోట కుట్టు దాటి ఎంత గుడ్డ మిగిలి ఉందో చూడండి. మేం దాన్ని మార్జిన్ అంటాం. ప్యాంటు వెనక నడుము దగ్గర ఒక వేలు మందమైనా ఉండాలి. ఉంటే రేపు మీరు కాస్త లావైనా వదులు చేయించుకోవచ్చు. అంచు పోగులు ఊడకుండా చుట్టే ఓవర్‌లాక్ దారం తప్ప గుడ్డే మిగల్చకుండా కత్తిరించి ఉంటే ఆ బట్ట ఇవాళ్టి మీ కొలతకే. నా దృష్టిలో క్లాసిక్ అంటే ఇదే. విప్పి మళ్లీ కుట్టడానికి వీలున్నదాన్నే పదేళ్లు వాడగలం. డిజైన్ ఎంత నిరాడంబరంగా ఉన్నా, విప్పితే ఊడిపోయే బట్ట పదేళ్లు రాదు.

తర్వాత కుట్లు లెక్కపెట్టండి. చొక్కాలో అంగుళానికి ఎనిమిదే ఉన్నాయంటే హడావుడిగా కుట్టినట్టు. పద్నాలుగు దాటితే ఆ కుట్టినవాళ్లకి టైమిచ్చి కుట్టించారని అర్థం. జీన్స్‌కి ఈ లెక్క పనికిరాదు, అక్కడ దారం లావు, కుట్టు పెద్దది. జీన్స్‌లో చూడాల్సింది జేబు మూలలు. 1873లో లీవై స్ట్రాస్, జేకబ్ డేవిస్ అనే ఇద్దరు పేటెంటు తీసుకున్నది ప్యాంటు రంగుకో తీరుకో కాదు, జేబు మూలల్లో రాగి రివెట్లు, అంటే బిగించే చిన్న లోహపు మేకులు, కొట్టడానికి. పనివాళ్ల ప్యాంట్లు చిరిగేది అక్కడే కాబట్టి. రివెట్టు లేకపోయినా ఆ మూలల్లో దట్టమైన అడ్డకుట్టు ఉండాలి.

గళ్లో చారలో ఉన్న చొక్కా అయితే పక్క కుట్టు దగ్గర ఆ గళ్లు కలిశాయా చూడండి. కలపాలంటే గుడ్డ ఎక్కువ వృథా అవుతుంది, కాబట్టి ఖర్చు తగ్గించుకునేవాళ్లు ముందు వదిలేసేది అదే. కాలర్‌ని రెండు వేళ్లతో నలపండి. లోపలి కాన్వాసుని జిగురుతో అతికించి ఉంటే, అది నాసిరకం జిగురైతే, కొన్ని ఉతుకులకి కాలర్ మీద బుడగలు లేస్తాయి. అవి ఇస్త్రీకి లొంగవు. చివరగా ఒక మూలని పిడికిట్లో గట్టిగా నొక్కి పట్టుకుని వదలండి. ముడతలు పడి అలాగే ఉండిపోతే మీ రోజులో ఇస్త్రీకి ఎంత తీరిక ఉందో ఆలోచించుకోండి. నార బట్ట, అదే లినెన్, ముడతలు పడటం దాని స్వభావం. అది లోపం కాదు.

ఇక లేబుల్. నూలు తడిసినప్పుడు ఇంకా గట్టిపడుతుంది. విస్కోస్, రేయాన్ తడిస్తే బలం దాదాపు సగానికి పడిపోతుంది. ఒంటి మీద ఎంత జాలువారినా, బకెట్లో మెలితిప్పి పిండారంటే పోగులు తెగుతాయి. నూలూ పాలిస్టరూ కలిసిన గుడ్డకి ఉండలు కట్టే గుణం ఎక్కువ. పొట్టి నూలు పోగులు బయటికి పొడుచుకొచ్చి ఉండ చుట్టుకుంటాయి, గట్టి పాలిస్టర్ పోగు ఆ ఉండని రాలిపోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. నూలు ఒక్కటే అయితే చాలా ఉండలు ఉతుకుల్లో రాలిపోతాయి. పొడవైన పోగు నూలుకి ఎక్కువ ధర పలికేది కూడా ఇందుకే. మామూలు పత్తి పోగు 25 నుంచి 30 మిల్లీమీటర్లు, మేలురకం 34 దాటుతుంది. పొడవు పెరిగేకొద్దీ బయటికి పొడుచుకొచ్చే కొసలు తగ్గుతాయి.

ధర చీటీ చూడటం వీటన్నిటి తర్వాత. అప్పుడు మీకే తెలుస్తుంది, డబ్బు కుట్టుకి పెట్టారో పేరుకి పెట్టారో.

నలుపా, నేవీ బ్లూనా? ఒక్కటే ఎంచుకోవాలి. — విద్యార్థి

నేవీ బ్లూ. నలుపు ఉతుకుల్లో వెలిసి ఎర్రగానో పచ్చగానో తిరుగుతుంది. ఒకేసారి కొన్న రెండు నల్లవి కూడా ఏడాది తిరిగేసరికి ఒకదాని పక్కన ఒకటి పెట్టలేనట్టు తయారవుతాయి. నేవీ వెలిసినా నీలంగానే వెలుస్తుంది. నలుపే ఇష్టమైతే మాత్రం నా మాట వినకు, నలుపే కొనుక్కో.

అమ్మా, సెకండ్‌హ్యాండ్ దుకాణంలో మంచి ఉన్ని బ్లేజర్ చూశాను. నా సైజుకి కాస్త పెద్దది. ఆల్టరేషన్ చేయిస్తే సరిపోతుందా? పాతబట్టలు కొనాలంటే ఇంట్లో వాళ్లకి జంకు. — ఇంటర్వ్యూలకి తిరుగుతున్నవాణ్ణి

ముందు భుజం బాబూ. బ్లేజరు వేసుకుని గోడకి భుజం ఆనించు. నీ భుజం కన్నా ముందు ప్యాడ్ నలిగిపోతే అది నీది కాదు. భుజం తగ్గించడమంటే చేతులు ఊడదీసి, ప్యాడ్ తీసి, చంక మళ్లీ కోసి కుట్టడం. చేయగలం, కానీ ఆ కూలికి ఇంకో కోటు వస్తుంది. పొడవు కూడా ముట్టుకోకూడదు. కింద కోస్తే జేబులు అంచు మీదకి వచ్చి కూర్చుంటాయి, మొత్తం తీరు చెడుతుంది.

నడుము దగ్గర లోపలికి పట్టడం తేలిక. చేతులు రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించడం తేలిక, అయితే చేతి అంచున గుండీలకి నిజమైన కాజాలు తీసి ఉంటే కుదరదు, పైనుంచి విప్పాలి. లైనింగ్ చిరిగితే కొత్తది వేయొచ్చు. గుండీలు మార్చడం అన్నిటికన్నా చవక, పాత కోటుకి కొత్త ముఖం వస్తుంది. ప్యాంటు అయితే నడుము, పొడవు, కాళ్ల వెడల్పు మా చేతుల్లో ఉంటాయి. నడుము నుంచి కాళ్లు విడిపోయేచోటి దాకా ఉండే లోతు మాత్రం పెంచలేం. కూర్చున్నప్పుడు అక్కడ పట్టేస్తే వదిలేయి.

వాడిన బట్టలో తప్పించుకోలేని లోపాలు కొన్ని ఉంటాయి. చంకలు, ప్యాంటు తొడల మధ్య భాగం, మోచేతులు వెలుతురుకి పట్టి చూడు. పలచబడి కాంతి దాటుతుంటే ఎక్కువ కాలం రాదు. ఉన్నిలో సూదిమొన అంత రంధ్రాలు కనిపిస్తే చిమ్మట పురుగు పడిందని అర్థం. రంధ్రం ఒకటి రెండైతే రఫ్ఫు చేయించొచ్చు, కానీ గుడ్లు ఇంకా ఉండవచ్చు. ఇంటికి తెచ్చిన ఉన్ని బట్టని గాలి చొరకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్లు, పురుగులు చస్తాయి. తర్వాత బ్రష్ చేసి, డ్రై క్లీనింగ్‌కి ఇవ్వు.

ఇంట్లోవాళ్ల జంకు గురించి నేనేం చెప్పను? కొత్త బట్టని కూడా మనకన్నా ముందు ట్రయల్ రూములో ఎంతమంది తొడిగి చూసి ఉంటారో. ఉతికాక ఏదైనా బట్టే.

నా బ్యాగు, జాకెట్టు లెదర్‌లాంటివే. జాగ్రత్తగా బీరువాలో దాచుకున్నాను. తీసి చూస్తే పొరలు పొరలుగా ఊడొస్తున్నాయి. వాడనే లేదు, ఎందుకిలా? — నిరాశపడ్డ పాఠకురాలు

వాడకపోయినా అదంతే. అది గుడ్డ మీద పూసిన పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ పొర. గాల్లోని తేమతోనే లోలోపల విడిపోతుంది. వేడి, ఉక్క ఉన్నచోట ఇంకా త్వరగా. మీ జాగ్రత్తలో లోపం లేదు. ఇలాంటిది దాచుకునేది కాదు, కొన్నరోజు నుంచి వాడేసుకోవాల్సింది. బూట్ల అడుగులు కొన్ని అలమరలో ఉండగానే పొడిపొడిగా రాలిపోవడానికీ ఇదే కారణం.

ఊడిన పొరని అతికించే మందేదీ లేదు, దాని మీద డబ్బు పెట్టకండి. ఈసారి బ్యాగు గట్టి కాన్వాసుది తీసుకోండి, అసలు తోలు కన్నా చవక. బూట్లు కొంటుంటే మాత్రం అడుగు జిగురుతో అంటించారా, కుట్టారా అడగండి. కుట్టినదైతే అరిగినప్పుడు అడుగు మార్పించుకోవచ్చు, పైతోలు ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఒకే జత రోజూ వేయకండి. తోలు చెమట ఆరడానికి ఒక రోజు పడుతుంది.

నేను బరువు పెరుగుతూ తగ్గుతూ ఉంటాను. నాలాంటివాళ్లకి ఈ కలకాలం నిలిచే బట్టలు సాధ్యమేనా? — ఇద్దరు పిల్లల తల్లి

ఎందుకు కాదమ్మా. మార్జిన్ ఉన్న బట్ట గురించి పైన చెప్పింది మీకే ఎక్కువ వర్తిస్తుంది. నడుముకి పక్కన రెండు గుండీలు, లేదా వెనక సగం ఎలాస్టిక్ పెట్టించుకోండి. పైన చొక్కా వేస్తే ఎవరికీ తెలియదు. సాగే గుడ్డ తీసుకుంటే ఎలాస్టేన్, అంటే ఆ సాగే పోగు, రెండు శాతం చాలు. ఎక్కువైతే మోకాళ్ల దగ్గర సంచుల్లా సాగి తిరిగి రాదు. వేడి డ్రయ్యరు, క్లోరిన్ బ్లీచ్ దానికి శత్రువులు.

‘తగ్గాక వేసుకుంటాను’ అని దాచిన బట్టలు కంటి ఎదురుగా మాత్రం పెట్టుకోకండి. రోజూ పొద్దున్నే బీరువా తెరవగానే అవి మిమ్మల్ని దెప్పుతుంటాయి. పెట్టెలో కట్టి పైన పడేయండి. ఇవాళ్టి ఒంటికి సరిపోయే రెండు మంచి జతలు మీకు హక్కు.

చొక్కాలు ఏడాదికే పాతబడుతున్నాయి. చంకల్లో పసుపు మరకలు, కాలర్ అరుగుతోంది. ఉతకడంలో ఏమైనా తప్పు జరుగుతోందా? — ఒక అధ్యాపకుడు

చాలా బట్టలు ఒంటి మీద కన్నా ఉతుకులోనే ఎక్కువ అరుగుతాయి సార్. డ్రయ్యరు జల్లెడలో పోగయ్యే దూది ఎక్కడిదనుకుంటున్నారు? మీ చొక్కాల్లోంచి వచ్చిందే. చొక్కా తిరగేసి, గుండీలు విప్పి, చల్లని లేక 30 డిగ్రీల నీళ్లలో వేయండి. వీలుంటే నీడన ఆరేయండి. ఎండ రంగు తినేస్తుంది. జాకెట్లు, స్వెటర్లు ప్రతిసారీ ఉతకక్కర్లేదు, విప్పాక గాలికి వేలాడదీస్తే చాలు. స్వెటర్ని మాత్రం హ్యాంగర్‌కి వేయకండి, భుజాలు సాగుతాయి, మడతపెట్టండి.

చంకల్లో పసుపు చెమటదొక్కటే కాదు. చెమట ఆపే స్ప్రేల్లోని అల్యూమినియం లవణాలు చెమటతో కలిసి చేసే పని. దాని మీద క్లోరిన్ బ్లీచ్ పోస్తే ఇంకా ముదురుతుంది. ఆక్సిజన్ బ్లీచ్ కలిపిన నీళ్లలో కొన్ని గంటలు నానబెట్టి ఉతకండి. స్ప్రే పూర్తిగా ఆరాకే చొక్కా తొడగండి.

లేబుల్ మీద బొమ్మల్లో తొట్టె ఉతకడానికి, త్రికోణం బ్లీచ్‌కి, చతురస్రం ఆరబెట్టడానికి, వృత్తం డ్రై క్లీనింగ్‌కి గుర్తు. ఇస్త్రీ బొమ్మలో చుక్కలు పెరిగేకొద్దీ వేడి పెంచొచ్చు. దేని మీదైనా అడ్డంగా కొట్టేసి ఉంటే ఆ పని చేయకూడదు.

ఇక కాలర్. చొక్కా తక్కిన భాగమంతా బాగుండి కాలర్ మడత ఒక్కటే అరిగిందా? టైలరు దగ్గరికి తీసుకెళ్లి కాలర్ తిరగేసి కుట్టమనండి. కాలర్‌ని దాని పట్టీ నుంచి విప్పి, అరిగిన వైపు లోపలికి వెళ్లేలా తిప్పి మళ్లీ బిగిస్తాం. ఒకప్పుడు ఇది చాలా మామూలు పని, ఇప్పుడు అడిగేవాళ్లే తగ్గారు. కాలర్ కొసల కింద గుండీలు ఉన్నవాటికి కుదరదు. మిగతావాటికి ఇంకో రెండేళ్లు ప్రాణం వస్తుంది. మీ చొక్కాలన్నీ పారేసే ముందు ఒకదానితో చేయించి చూడండి.

ఉన్ని బట్టల్లో కలరా ఉండలు వేయొచ్చా? — పేరు రాయలేదు

పసిపిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. ఆ నాఫ్తలీన్ ఆవిరి కొందరు పిల్లల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోయేలా చేస్తుంది. చిమ్మట పిల్లపురుగుకి కావాల్సింది ఉన్నితో పాటు దానికి అంటిన చెమట, తిండి మరకలు. శుభ్రంగా ఉతికి, పూర్తిగా ఆరాక, గట్టిగా మూత పడే పెట్టెలో పెట్టండి. నెలకోసారి తీసి దులపండి.

ఇలా ఒకే రకం బట్టలు వేసుకుంటే విసుగు పుట్టదా? క్లాసిక్ పేరుతో అందరూ ఒకేలా కనిపించాలా? — రంగులంటే ఇష్టపడే ఒక అమ్మాయి

నేను ఒకే రకం వేసుకోమనలేదు బంగారం, గట్టిగా కుట్టినవి వేసుకోమన్నాను. నువ్వు విసుగంటున్నవాటిలో చాలావరకు పనివాళ్ల బట్టలే. జీన్స్ గని పనివాళ్లు తొడుక్కున్నవి. అడ్డచారల టీషర్టు 1858లో ఫ్రెంచి నౌకాదళం తన నావికులకి నిర్ణయించిన దుస్తుల్లోది. అవి అందంగా ఉంటాయని ఎవరూ తయారు చేయలేదు. పనికి నిలిచాయి, అందుకే ఉండిపోయాయి.

చిలకపచ్చ కోటు అంటే నీకు ప్రాణమైతే అదే కొనుక్కో. దాని మార్జిన్ చూడు, లైనింగ్ లాగి చూడు, గుండీ కింద దారంతో చిన్న మెడలాంటిది చుట్టారో లేదో చూడు. మందపాటి గుడ్డ మీద గుండీని అంటించినట్టు కుట్టేస్తే కాజా బిగుసుకుని గుడ్డే చిరుగుతుంది. అలా ఉంటే ఇంటికి రాగానే గుండీ విప్పి, కింద అగ్గిపుల్ల అడ్డం పెట్టి వదులుగా కుట్టి, పుల్ల తీసేసి ఆ దారం చుట్టూ నాలుగైదు చుట్లు తిప్పి ముడి వేసుకో.